కాగితమా... తెరా?

పుస్తకాల బరువెంతో ఇల్లు మారేటప్పుడు తెలుస్తుంది. బీరువాని చూసి కూడా బెదరని కూలీలు పుస్తకాల పెట్టెల్ని చూసి నిట్టూరుస్తారు. ఆ పెట్టెలన్నీ అరచేతిలో పట్టే పలకలో ఇమిడిపోతాయంటే ఎవరికి ఆశ పుట్టదు? అలాగని ఆదివారం పొద్దున హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో వెతుక్కునే సరదాని ఆ పలక ఇవ్వగలదా? చదివే అలవాటున్న ఇళ్లలో తెగని పంచాయితీ ఇది.

సిరా ఉంది... కలం లేదు!

ఈ-రీడర్ అంటే పెద్ద సైజు సెల్‌ఫోన్ అనుకుంటే పొరపాటే. దీని తెరలో వెంట్రుక మందాన సూక్ష్మ గుళికలుంటాయి. వాటి నిండా నల్లటి, తెల్లటి రేణువులు. విద్యుత్తు తగలగానే నల్లవి పైకొచ్చిన చోట అక్షరం, తెల్లవి పైకొచ్చిన చోట కాగితం. పేజీ ఒకసారి ఏర్పడితే దాన్ని నిలిపి ఉంచడానికి కరెంటు అక్కర్లేదు. అందుకే ఒక్కసారి ఛార్జి చేస్తే వారాల తరబడి వస్తుంది. ఎండలోనూ అక్షరం చక్కగా కనిపిస్తుంది. ఈ తరహా తెరతో సోనీ 2004లో జపాన్‌లో ఒక రీడర్ని తెచ్చింది. 2007 నవంబరులో అమెజాన్ కిండిల్ రాకతో దీని దశ తిరిగింది. ధర 399 డాలర్లయినా తొలి విడత సరుకు అయిదున్నర గంటల్లో అయిపోయింది.

కొన్నా సొంతం కాదా?

2009 జులైలో అమెరికాలో కొందరి కిండిళ్ల నుంచి జార్జి ఆర్వెల్ '1984' చెప్పాపెట్టకుండా మాయమైంది. అమ్మినవారికి హక్కులు లేవని తేలడంతో అమెజానే దాన్ని తొలగించి, డబ్బు తిరిగిచ్చింది. విమర్శలు రావడంతో సంస్థ అధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పారు. అదే అచ్చు పుస్తకమైతే? మన అల్మరాలోంచి తీసుకెళ్లాలంటే మన తలుపు తట్టాల్సిందే!

తెలుగు మాటేమిటి?

2016 డిసెంబరులో కిండిల్ కోసం భారతీయ భాషల పుస్తకాల అమ్మకం మొదలైంది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్న ఆ జాబితాలో తెలుగుకు చోటు దక్కలేదు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు దొరికినా, ఆరంగుళాల తెర మీద మన వత్తులూ గుణింతాలూ చీమల బారులే.

ఏది ఎప్పుడు?

54 అధ్యయనాలను క్రోడీకరించి 2018లో వెలువరించిన విశ్లేషణ ఓ దారి చూపింది. సమాచారం, పాఠాలు కాగితం మీద చదివితేనే బాగా అర్థమవుతున్నాయి. కథలు, నవలల విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పిల్లల పాఠాలకు కాగితం, ప్రయాణంలో ఇంగ్లిషు నవలకు పలక. చూపు మందగించిన పెద్దలకూ పలకే హాయి, అక్షరాల్ని కావలసినంత పెంచుకోవచ్చు. రాత్రి పడక మీద మాత్రం మిరుమిట్లు గొలిపే ట్యాబ్లెట్ వద్దు. దాని వెలుగు నిద్రను ఆలస్యం చేస్తుందని 2014 నాటి పరిశోధన చెప్పింది.

మరి చదివేదంతా తెలుగే అయితే? ఆలోచించేదేముంది... ఆ పలక ఖరీదుకి అల్మరాలో ఓ అర నిండా పుస్తకాలొస్తాయి!