20 కోట్ల పిక్సెళ్లలో ఫొటోకు దక్కేవెన్ని?

శాంసంగ్ గెలాక్సీ ఎస్23 అల్ట్రా 2023 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు అందరి నోటా ఒకటే అంకె: 200 మెగాపిక్సెల్. మన దేశంలో ప్రారంభ ధర రూ.1,24,999. అంతకు నెల ముందు రూ.29,999 ధరతో మొదలైన రెడ్‌మీ నోట్ 12 ప్రో ప్లస్‌లోనూ ఉన్నది 200 మెగాపిక్సెల్ కెమెరానే! మరి అదనంగా పెట్టే రూ.95 వేలు దేనికి?

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. ఎస్23 అల్ట్రా సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.6 మైక్రాన్లు. ఎంత మేలైన కటకమైనా కాంతిని కచ్చితమైన బిందువుగా కూర్చలేదు. వివర్తనం వల్ల అది చిన్న మచ్చలా పరుచుకుంటుంది. ఈ ఫోన్‌లోని ఎఫ్/1.7 కటకంతో, ఆకుపచ్చ కాంతికి లెక్కగడితే ఆ మచ్చ వ్యాసం సుమారు 2.3 మైక్రాన్లు, అంటే దాదాపు నాలుగు పిక్సెళ్ల వెడల్పు. పిక్సెళ్లను ఎంత చిన్నవి చేసినా వివరాలు ఆ మేరకు పెరగవు. పైగా చిన్న పిక్సెల్‌కు అందే కాంతీ తక్కువే, మసక వెలుతురులో బొమ్మ గరుకుగా వస్తుంది. అందుకే ఫోన్ మామూలుగా 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపేసి 12 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తుంది. (ఫోన్ తెరపై ఉన్నవి 44 లక్షల పిక్సెళ్లే!) పట్టపగలు తీసి, గోడంత ముద్రించుకునేవారికి 200 కొంత పనికొస్తుంది.

ప్రాసెసర్, పెన్నుల లెక్క వేరు. కెమెరా వరకైతే, అసలు విలువ 10 రెట్ల జూమ్ కటకానిది. లోపలికొచ్చిన కాంతిని పట్టకంతో పక్కకు మళ్లించి, పలుచని ఫోన్‌లోనే దానికి పొడవాటి దారి కల్పించారు. చౌక ఫోన్‌లో ఇది లేదు. కొమ్మ మీది పిట్టను తీయాలనుకునేవారికి ఆ తేడా కనిపిస్తుంది. 200 అంకె కోసమే అయితే రూ.95 వేలు దండగే.