రెండు సెకన్ల గిటార్, పదహారు భాషల పాట

అమెరికాలో ఒక పాట ఇంకో పాటకు ఎంత బాకీ పడిందో సెకన్లలో కొలిచారు. 1990లో ఎన్‌డబ్ల్యూఏ అనే గ్యాంగ్‌స్టా ర్యాప్ బృందం ‘100 మైల్స్ అండ్ రన్నిన్’ పాట చేసింది. అందులో ఫంకడెలిక్ బృందం 1975 నాటి పాట నుంచి తీసుకున్న గిటార్ ముక్క 2 సెకన్లు. దాని శ్రుతి తగ్గించి, తిప్పి తిప్పి 16 దెబ్బలకు సాగదీసి, 5 చోట్ల పెట్టారు. 1998లో ఈ పాట ఒక సినిమాకెక్కాక కేసు పడింది. ఎంత చిన్న ముక్కయినా అనుమతి లేకుండా వాడొద్దని 2005లో అప్పీలు కోర్టు తేల్చేసింది.

మన వైపు ఈ కొలత పనిచేయదు. అప్పటి ఆదిలాబాద్, ఇప్పటి మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం లింగాపురంలో 1955లో పుట్టిన గూడ అంజయ్య 1970ల్లో ‘ఊరు మనదిరా’ రాశారు. అది 16 భాషల్లోకి వెళ్లిందని చెబుతారు. భాషలు లెక్కపెట్టడం తేలికే. తెలుగులో ఆ నడక పట్టుకుని పుట్టిన పాటలు లెక్కకు అందవు. నన్నడిగితే అసలు ప్రభావం అక్కడుంది.

పాట కట్టుబడి చూడండి. చిన్న చరణం, వెంటనే గుంపు అందుకునే పల్లవి. ఊళ్లోని వస్తువులూ పనులూ ఒక్కొక్కటే వరసగా వస్తాయి. ఇవన్నీ మన చేతివే అయినప్పుడు దొర పెత్తనమేంటన్న నిలదీత వాటి వెనకే వస్తుంది. వరస పాట కాబట్టి ఎవరి ఊరి పనిముట్టు వాళ్లు చేర్చుకోవచ్చు, ఎవరి దొరను వాళ్లు అడగొచ్చు. డప్పు, గజ్జెలు ఉంటే చాలు. స్టూడియో అక్కర్లేదు, సంతకం పెట్టాల్సిన కంపెనీ లేదు. 1972లో మొదలైన విప్లవ పాటల బృందం జననాట్యమండలిలో గాయకుడు గద్దర్ పట్టిన దారీ ఇదే: జనం నోట్లో అప్పటికే ఉన్న బాణీలోకి, ఒగ్గు కథలోకి, వీధి భాగోతంలోకి కొత్త మాట దించడం. బాణీ ముందే తెలుసు గనక విన్నవాడు రెండోసారికల్లా పాడతాడు.

ఆ పాటలు తిరిగిన కాలం మామూలుది కాదు. 1978 సెప్టెంబర్ 7న దొరల పెత్తనం మీద రైతు కూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర. అక్టోబర్‌లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు. సర్కారు లెక్కలో చనిపోయినవారు 13 మంది, హక్కుల సంఘాల లెక్కలో 60కి పైనే. అమెరికాలో పోలీసులను తిట్టిన ఎన్‌డబ్ల్యూఏ పాట మీద ఎఫ్‌బీఐ అధికారి ఒకరు 1989 ఆగస్టు 1న రికార్డు కంపెనీకి ఉత్తరం రాశాడు. అంతకుముందు ఏడాది 78 మంది పోలీసులు హత్యకు గురయ్యారని అందులో గుర్తు చేశాడు. ఆ ఉత్తరంతో బృందం పేరు మరింత మోగింది. ఇక్కడ పాటగాళ్లు అడవి బాట పట్టాల్సి వచ్చింది. రెండింటినీ ఒకే గాటన కట్టలేం. అక్కడి గాయకుడు తన గొప్ప, తన గల్లీ గొప్ప చెప్పుకుంటాడు. అంజయ్య పాటలో పాడేవాడి పేరుకు చోటే లేదు. అందుకే అది వేరేవాళ్ల నోటికి అంత సులువుగా ఎక్కింది.

తర్వాతి మలుపు మాత్రం రెండు చోట్లా ఒక్కటే, ఎదిరించిన పాటను సర్కారే చేరదీయడం. ఎన్‌డబ్ల్యూఏ ‘స్ట్రెయిట్ అవుటా కాంప్టన్’ ఆల్బమ్‌ను అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ 2016 జాతీయ రికార్డుల జాబితాలో చేర్చింది. ఇక్కడ 2002లో కామారెడ్డిలో ధూం ధాం అనే ఆటపాటల సభ మొదలైంది. ఎర్రజెండా పాటల ఎత్తుగడ తెలంగాణ ఉద్యమపు గొంతయింది. ధూం ధాం వేదికలు నడిపిన రసమయి బాలకిషన్ 2014లో కరీంనగర్ జిల్లా మానకొండూరు నుంచి ఎమ్మెల్యే అయ్యారు. అప్పట్లో ఆయన సారథ్యంలో ఉన్న ప్రభుత్వ సంస్థ తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు సర్కారు జీతం దొరికింది. దొరను అడిగిన దరువులోనే ప్రభుత్వ పథకాల పాట వినిపించింది. ఈ చివరి సంగతి నాకంతగా మింగుడు పడలేదు, జీతం వాళ్లకు అవసరమే అయినా.

ఇప్పుడు కరీంనగర్, జగిత్యాల వైపు యూట్యూబ్ జానపదాల జోరు. పాట ఎక్కించగానే ఇది మాదంటూ ఇంకొకరు అడ్డం రావడం అక్కడా మొదలైంది. అంజయ్య 2016 జూన్‌లో పోయారు. మన చట్టం ప్రకారం కాపీరైట్ కవి పోయాక 60 ఏళ్లుంటుంది. అంటే ఆయన మాటలకు 2076 డిసెంబర్ 31 దాకా. నాట్లు వేసేటప్పుడు తరతరాలుగా పాడుకున్న బాణీకి మాత్రం అలాంటి తేదీ ఏదీ లేదు, ఎవరైనా ఎత్తుకోవచ్చు.