ఖజానాలో న్యాయం వాటా ఎంత?

గుంటూరు–తెనాలి రైలు మార్గంలోని సంగం జాగర్లమూడి వంటి గ్రామాలకు వాషింగ్టన్ ఒకప్పుడు పాఠ్యపుస్తకంలో కనిపించే పేరు మాత్రమే. నేటి స్థితి వేరు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు రుణం తెచ్చి బిడ్డలను పైచదువులకు అమెరికా పంపిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వారిలో మన ముస్లిం కుటుంబాలవారూ ఉన్నారు. అందుచేత వలసదారులను నిర్బంధించడానికి, తిప్పి పంపడానికి అక్కడి ప్రభుత్వం ఎంత ధనం వెచ్చిస్తున్నది, ఆ వ్యయాన్ని చట్టసభలో ఎవరు, ఏ కారణంతో ప్రతిఘటించారు అన్నవి మనకు పరాయి ప్రశ్నలు కావు.

చట్టం చెప్పే లెక్క

2025 జూలై 4న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ సంతకంతో ఒక భారీ బడ్జెట్ బిల్లు చట్టమయింది. సరిహద్దు రక్షణకు, వలస నియంత్రణకు అందులో దక్కినది దాదాపు 17,000 కోట్ల డాలర్లు. ‘ఐస్’ అనే సంక్షిప్త నామంతో వ్యవహరించే వలస అమలు సంస్థ ఒక్కదానికే సుమారు 7,500 కోట్ల డాలర్లు లభించాయి. అందులో 4,500 కోట్లు నిర్బంధ కేంద్రాలకు. మిగిలినవి అరెస్టులకు, తరలింపులకు, కొత్త సిబ్బంది నియామకానికి. ఈ మొత్తాన్ని 2029 సెప్టెంబరు లోగా వినియోగించవచ్చు. అంతకు ముందు ఆ సంస్థ వార్షిక బడ్జెట్ సుమారు 1,000 కోట్ల డాలర్లేనని గుర్తుంచుకుంటే పెరుగుదల ఎంతటిదో బోధపడుతుంది.

ఇక త్రాసు రెండవ సిబ్బెను చూద్దాం. వలస న్యాయస్థానాలలో 30 లక్షలకు పైగా కేసులు అపరిష్కృతంగా ఉన్నాయి. న్యాయమూర్తులు, తత్సంబంధిత వ్యవస్థ కోసం ఈ చట్టం ఇచ్చినది సుమారు 330 కోట్ల డాలర్లు. పైగా 2028 నవంబరు నుండి వలస న్యాయమూర్తుల సంఖ్య 800కు మించరాదన్న పరిమితిని కూడా అదే చట్టం విధించింది. పట్టుకునే చేతులకు ధనం వరదలా ప్రవహించింది. తప్పొప్పులు తేల్చే చేతులకు మాత్రం కొలిచి పోశారు. ఈ వ్యాసంలో మేము ప్రధానంగా చెప్పదలచినది ఇదే.

కాదన్నవారు ఎవరు?

జూలై 1న సెనేట్‌లో ఓట్లు 50–50గా సమానమైనాయి. ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ తన నిర్ణాయక ఓటుతో బిల్లును గట్టెక్కించారు. రిపబ్లికన్లలో ముగ్గురు సభ్యులు వ్యతిరేకంగా ఓటు వేశారు. జూలై 3న ప్రతినిధుల సభలో 218–214 ఓట్లతో బిల్లు నెగ్గింది. డెమోక్రాట్లు అందరూ, రిపబ్లికన్లు ఇద్దరూ దానిని తిరస్కరించారు. తుది ఓటింగుకు ముందు ప్రతిపక్ష నాయకుడు హకీమ్ జెఫ్రీస్ 8 గంటల 44 నిమిషాల పాటు ప్రసంగించారు. ప్రతినిధుల సభలో ఇది ఒక రికార్డు.

భారతీయ మూలాలున్న ఆరుగురు సభ్యులూ, నలుగురు ముస్లిం సభ్యులూ ‘కాదు’ అన్నవారిలో ఉన్నారు. ప్రమీలా జయపాల్ చెన్నైలో జన్మించి, 16 ఏళ్ళ ప్రాయంలో ఒంటరిగా అమెరికా చదువుకు వెళ్ళినవారు. ఇల్హాన్ ఉమర్ సోమాలియా అంతర్యుద్ధం నుండి తప్పించుకుని, కెన్యాలోని శరణార్థి శిబిరంలో బాల్యం గడిపినవారు.

వ్యతిరేకించిన వారి వాదనలు స్థూలంగా మూడు. మొదటిది, పేదల వైద్యానికి కోత విధిస్తూ నిర్బంధ కేంద్రాలను విస్తరించడం ప్రజాధన ధర్మం కాదు. ఈ చట్టం మూలంగా 2034 నాటికి సుమారు కోటి మంది ఆరోగ్య బీమా కోల్పోతారని అక్కడి చట్టసభ బడ్జెట్ కార్యాలయమే అంచనా వేసింది. రెండవది, ఖాళీగా ఉన్న పడక తనను నింపమంటుంది; నేరస్థులు చాలకపోతే నేరం చేయనివారినీ పట్టవలసి వస్తుంది. మూడవది, పెద్ద మొత్తాన్ని ఏళ్ళ తరబడి ఒకేసారి ఇచ్చివేస్తే, ఏటేటా లెక్క అడిగే అధికారం సభ చేతి నుండి జారిపోతుంది.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే, ప్రతి రాజ్యానికీ తన సరిహద్దులను కాపాడుకునే హక్కు ఉంది. చట్టాన్ని సమర్థించినవారి వాదన అదే. వ్యతిరేకించిన పక్షం చరిత్ర కూడా నిష్కళంకమైనది కాదు; ఒబామా కాలంలో, 2012 ఆర్థిక సంవత్సరంలో, 4 లక్షల మందికి పైగా తిప్పి పంపబడ్డారు. కనుక హక్కు ఉందా లేదా అన్నది వివాదం కాదు. ఆ హక్కును ఏ హద్దులలో వినియోగించాలన్నదే అసలు ప్రశ్న.

మన బిడ్డల అనుభవం

ఈ ప్రశ్న తెలుగువారికి ఊహాజనితం కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మోసం బయటపడినప్పుడు, బాధితులలో అధికులు ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు. వారిలో కొందరి కాళ్ళకు జాడ తెలిపే ఎలక్ట్రానిక్ పట్టీలు తొడిగారు. అప్పుడు మోసగించినది ఒక ప్రైవేటు వ్యక్తి.

2019లో బయటపడిన ఉదంతంలో వల పన్నినది స్వయంగా ప్రభుత్వమే. మిచిగన్‌లో ‘ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం’ పేరిట అధికారులే ఒక బూటకపు సంస్థను నడిపారు. అక్కడ ఆచార్యులు లేరు, తరగతులు లేవు. అయినా ప్రభుత్వ గుర్తింపు జాబితాలో దాని పేరు ఉండేది. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. వారిలో తెలుగువారే ఎక్కువ. విద్యార్థులను చేర్పించినందుకు కేసు ఎదుర్కొన్న ఎనిమిది మందీ తెలుగువారే కావడం మన తలవంపు. సెనేటర్ ఎలిజబెత్ వారెన్ ఈ పద్ధతిని బహిరంగంగా ఖండించారు. ఫీజు చెల్లించిన విద్యార్థుల దావా ముందుకు సాగవచ్చునని 2024లో ఒక ఫెడరల్ అప్పీళ్ళ న్యాయస్థానం తీర్పు చెప్పింది.

2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సంకెళ్ళతో తెచ్చిన సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగింది. 2009 నుండి 15,756 మంది భారతీయులను అమెరికా తిప్పి పంపినట్లు మరునాడు రాజ్యసభలో విదేశాంగ మంత్రి జైశంకర్ తెలిపారు. అదే ఏడాది వసంతంలో వేలాది విదేశీ విద్యార్థుల నమోదులను అధికారులు హఠాత్తుగా రద్దు చేశారు. న్యాయస్థానాలలో వ్యాజ్యాలు వెల్లువెత్తిన పిదప పునరుద్ధరించారు. న్యాయమూర్తి అందుబాటులో ఉన్నందుననే ఆ విద్యార్థుల చదువు నిలిచింది.

ఇంటివద్ద చేయదగినవి

చట్టసభలో వ్యతిరేక ఓటు ఓడిపోయింది. కనుక ఇప్పుడు మన జాగ్రత్తే మనకు కవచం. దళారి మాట మీద, జాబితాలో పేరు ఉన్నదన్న భరోసా మీద మాత్రమే బిడ్డలను పంపరాదు. తరగతులు నిజంగా జరుగుతున్నాయా అని అక్కడ చదువుతున్నవారినే అడిగి తెలుసుకోవాలి. వీసా ఒక ఒడంబడిక. దాని షరతులను పాటించడం మాట నిలుపుకోవడమే. అరెస్టయినవారికి మౌనం వహించే హక్కు, భారత కాన్సులేట్‌కు తెలియజేయమని కోరే హక్కు ఉన్నాయి. అయితే వలస న్యాయస్థానంలో ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇవ్వరు. ఈ సంగతి బయలుదేరే ముందే తెలిసి ఉండాలి. నగదు రూపంలో స్వదేశానికి పంపే సొమ్ముపై 1 శాతం పన్ను కూడా ఈ చట్టంలో ఉంది. అక్కడి బ్యాంకు ఖాతా నుండి పంపితే అది వర్తించదు.

త్రాసు ఒక్కటే

జకాత్ ధనానికి ఇస్లాం నిర్దేశించిన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడు. తన ఊరు విడిచి వచ్చినవానికి సమాజ ధనంలో హక్కు ఉన్నదన్న భావన మనకు కొత్త కాదు. ఆ భావన మన గుమ్మం వద్ద కూడా నిలవాలి. మన రాష్ట్రంలోని ఇటుక బట్టీలకు ఒడిశా నుండి కుటుంబాలు కుటుంబాలుగా కూలీలు వస్తారు. 2025 జూలైలో గురుగ్రామ్‌లో బంగ్లాదేశీయులన్న అనుమానంతో బెంగాలీ మాట్లాడే కార్మికులను నిర్బంధించారు. వారిలో ఎందరో భారత పౌరులేనని తేలి విడుదలయ్యారు. వాషింగ్టన్‌లో మన బిడ్డ కోసం ఏ న్యాయాన్ని కోరుతున్నామో, పరాయి ఊరి కూలీ కోసం ఇక్కడ కూడా అదే న్యాయాన్ని కోరాలి. విచారణ లేకుండా ఎవరినీ దోషి అనరాదు. ఈ మాట అనడానికి చట్టసభ సభ్యత్వం అవసరం లేదు.