మలెనాటి పిడుదులు – మంగన కాయిలె

పల్లెపట్టులయందు పశువుల చెవులను, కుక్కల మెడలను పట్టుకొని నెత్తురు త్రాగు పిడుదులను ఎఱుగనివారు లేరు. కొన్ని సీమలలో వీనిని గోమారులందురు. కన్నడమున ఉణుగు లేక ఉణ్ణి యనియు, తమిళమున ఉణ్ణి యనియు, మరాఠీలో గోచీడు అనియు వ్యవహారము. పేరేదైనను, ఇది పశువులను మాత్రమే పీడించు నల్పజీవి యను భావము జనులలో పాదుకొనియున్నది. ఆ భావము పొరపాటని ఋజువు చేసినది పడమటి కనుమల నంటియున్న మలెనాడు.

కోతులు చచ్చిన అడవి

1957వ సంవత్సరమున, నాటి మైసూరు రాష్ట్రములోని శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలో, క్యాసనూరు అడవియందు కోతులు పెక్కు చచ్చిపడుట కాననయ్యెను. అదే కాలమున చుట్టుపట్ల గ్రామములలో మనుష్యులును తీవ్రజ్వరముతో మంచము పట్టిరి, కొందఱు మరణించిరి. కోతులకును మనుష్యులకును ఒక్కమారే చావు సంభవించుటచే, భారతదేశమున ఏనాడును లేని ఎల్లో ఫీవరు ప్రవేశించినదేమో యను శంక వైద్యులకు గలిగెను. పూనాలో 1952లో స్థాపింపబడిన వైరసు పరిశోధన కేంద్రమునుండి టెల్‌ఫర్డ్ వర్క్, హెరాల్డ్ ట్రాపిడో మున్నగు శాస్త్రజ్ఞులు వచ్చి పరీక్షింపగా, అది ఎల్లో ఫీవరు కాదనియు, రష్యాదేశపు అడవులలో పిడుదులవలన వచ్చు మెదడువాపు జ్వరమునకు చుట్టమైన క్రొత్త వైరసు అనియు తేలెను. ఆ వ్యాధికి క్యాసనూరు అటవీజ్వరమని పేరిడిరి. కన్నడిగులు దానిని మంగన కాయిలె యందురు. మంగ యనగా కోతి. కాయిలె యనగా జబ్బు.

ఈ పేరు జనులలో ఒక భ్రాంతికి కారణమైనది. జబ్బును పంచునది కోతి కాదు. నల్లమూతి కొండముచ్చు, ఎఱ్ఱమూతి కోతి ఈ వైరసుచే మనుష్యునివలెనే, అంతకంటెను త్వరగా, బలియగుచున్నవి. కోతులను తఱిమినను, చంపినను జబ్బు తగ్గదు. అడవిలో కోతి చచ్చుట రానున్న యాపదకు సూచన. ఆ సూచనను గ్రహించి వెంటనే ఆరోగ్యశాఖకు గాని, అటవీశాఖకు గాని తెలిపిన గ్రామము ముందుగా జాగ్రత్తపడగలదు.

పిడుదు జీవితచక్రము

ఈ జ్వరమును వ్యాపింపజేయు ముఖ్యమైన పిడుదును శాస్త్రజ్ఞులు హీమఫైసాలిస్ స్పినిజెరా యందురు. గ్రుడ్డునుండి వెలువడునప్పుడు దీనికి ఆఱు కాళ్లు, పిదప నెనిమిది. శైశవము, బాల్యము, యౌవనము అను మూడు దశలలోను ఒక్కొక్కమారు నెత్తురు త్రాగి, రాలిపడి, కుబుసము విడిచి తరువాతి దశకు చేరును. శిశుదశలో ఎలుకలు, పక్షులు, కోతులు దీనికి ఆహారమిచ్చును. రోగమున్న కోతి నెత్తురు త్రాగిన పిల్లపిడుదు, బాల్యదశకు వచ్చునప్పటికి వైరసును తనలో నిలుపుకొనియుండును. నువ్వుగింజ కన్న చిన్నదియగు ఈ బాలపిడుదే మనుష్యుని కఱచునది. చచ్చిన కోతి మేను చల్లబడగానే పిడుదులు దానిని విడిచి చుట్టునున్న ఆకులలో చేరును. కావున కోతి చచ్చిన తావే మిక్కిలి ప్రమాదకరము.

వానలు వెనుకపట్టిన పిమ్మట పిల్లపిడుదులు పుట్టును. డిసెంబరు మొదలు మే వఱకు బాలపిడుదులు విస్తారముగా నుండును. కట్టెలకును, ఎండుటాకులకును, పశువుల మేతకును జనులు అడవికి పోవునది ఆ నెలలలోనే. అందుచేత ఈ జ్వరము కూలివారిని, పశుల కాపరులను, పోకతోటల పనివారిని ఎక్కువగా బాధించుచున్నది.

పశువుల విషయము గమనింపదగినది. ఆవుకు ఈ జ్వరము రాదు. కాని పెద్దపిడుదులు ఆవు నెత్తురు త్రాగి వేలకొలది గ్రుడ్లు పెట్టును. అడవిని నఱకి పొలములు చేసి, ఆ యంచున పశువులను మేపినకొలది పిడుదుల సంతతి పెరుగును.

వ్యాధిలక్షణములు, వ్యాప్తి

పిడుదు కఱచిన 3 మొదలు 8 దినములలో చలితో కూడిన తీవ్రజ్వరము, భరింపరాని తలనొప్పి, ఒడలినొప్పులు కలుగును. కొందఱికి ముక్కునుండియు, చిగుళ్లనుండియు రక్తము కాఱును. కొందఱికి జ్వరము తగ్గి, ఒకటి రెండు వారములకు మరల వచ్చి మెదడును బాధించును. నూటికి ముగ్గురు మొదలు అయిదుగురి వఱకు మరణింతురు. మనుష్యునినుండి మనుష్యునికి ఇది అంటదు. కావున రోగిని వెలివేయుట అన్యాయము.

1982–83లో దక్షిణ కన్నడములోని బెళ్తంగడి తాలూకాలో ఈ జ్వరము పెద్దయెత్తున చెలరేగెను. 2012 తరువాత చామరాజనగరము, నీలగిరులు, కేరళములోని వయనాడు, గోవా, మహారాష్ట్రలోని సింధుదుర్గము జిల్లాలలోను బయల్పడినది. ఈ సీమలలో నివసించు రాష్ట్రేతరాంధ్రులేగాక, శృంగేరి, ధర్మస్థలము, జోగుజలపాతము దర్శింపబోవు తెలుగు యాత్రికులును దీనిని తెలిసికొనుట మేలు. ఊళ్లలోను, దేవాలయములలోను భయము లేదు. అడవిలో ఆకులపై కూర్చుండుట, పరుండుట తగదు.

దీనికి ప్రత్యేకమైన మందు లేదు. కర్ణాటకమున 1990 నుండి వేయుచుండిన టీకా తగినంత రక్షణ నీయకపోవుటచే 2022లో నిలిపివేయబడెను. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదునందలి ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థతో కలిసి క్రొత్త టీకాకు పూనుకొన్నది. పిడుదులే తెచ్చు మరియొక జ్వరము టైఫసు. దానికి అరచేతులలోను, అరికాళ్లలోను సయితము దద్దురులు కనబడును. అది డాక్సీసైక్లిన్ అను మందునకు లొంగును. కావున జ్వరము వచ్చినవారు అడవికి పోయిన సంగతిని వైద్యునికి తప్పక చెప్పవలెను. రక్తస్రావమునకు తోడ్పడును గావున ఆస్పిరిన్ మాత్రలను తమంత తాము మ్రింగరాదు.

కాటు తప్పించుకొను విధము

అడవికి పోవువారు నిండుచేతుల చొక్కా తొడిగి, కాళ్ల మేజోళ్లలోనికి పంట్లాము అంచులను దోపుకొనవలెను. ఆరోగ్యశాఖవారు పంచు డెపా తైలమును చేతులకును, కాళ్లకును పూసికొనవలెను. ఇంటికి రాగానే బట్టలను వేడినీట నుతికి, స్నానము చేసి, చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనుకలు, చెవుల వెనుక, తలవెండ్రుకలు వెదకి చూచుకొనవలెను. కోతులు చచ్చిన తావున రాలిన ఆకులను కొట్టములకు తేరాదు. చచ్చిన కోతిని ముట్టరాదు. పశువులకు పట్టిన పిడుదులకు పశువైద్యుని సలహాపై మందు వేయించవలెను.

పిడుదు పట్టియున్నచో నిప్పుతో కాల్చుట, కిరసనాయిలు పోయుట, వ్రేళ్లతో నలుపుట కూడదు. సన్నని పట్టకారుతో చర్మమునకు మిక్కిలి దగ్గఱగా దాని మూతిని పట్టి, మెలిపెట్టక తిన్నగా పైకి లాగి, ఆ చోటును సబ్బునీటితో కడుగవలెను. పిదప రెండు వారములు ఒంటిని కనిపెట్టియుండి, జ్వరము తగిలిన తోడనే ఆసుపత్రికి పోవలెను. మొదటి దినములలోనే నెత్తురు పరీక్ష జరిగినచో వ్యాధి నిర్ణయము సులభము. రోగి కోలుకొను అవకాశము నెక్కువ. టీకా లేని ఈ కాలమున అడవిపై బ్రతుకు పేదకుటుంబములకు ఈ జాగ్రత్తలే రక్ష.