లోహమా? అలోహమా?

గోదావరిఖని బొగ్గు పెద్దపల్లి పిల్లలకు కొత్త కాదు. అందులోని ప్రధాన మూలకం కార్బన్. అది అలోహమనీ, అలోహాల గుండా విద్యుత్తు ప్రవహించదనీ ఏళ్ల తరబడి నోట్సులో వ్రాయించాను. ఒకనాడు ఒక విద్యార్థి రెండు కొనలూ చెక్కిన చిన్న పెన్సిలు ముక్కను టార్చి సెల్లులకూ, బల్బుకూ మధ్య తీగలతో కలిపి చూపాడు. బల్బు మసకగా వెలిగింది! పెన్సిలులోని గ్రాఫైటు కూడ కార్బనే గదా. నేను వ్రాయించిన వాక్యమే తప్పు.

అయితే కార్బన్ లోహమా? కాదు. రసాయన శాస్త్రజ్ఞులు ఒక్క గుణాన్ని చూసి తీర్పు చెప్పరు. గ్రాఫైటును సుత్తితో కొడితే రేకుగా సాగదు, పొడి అవుతుంది. కార్బన్ మండగా వచ్చే కార్బన్ డయాక్సైడు నీటిలో కరిగితే నీలి లిట్మస్ ఎరుపుకు తిరుగుతుంది. మెగ్నీషియమ్ రిబ్బను కాల్చిన బూడిదను నీటిలో కలిపి చూడండి. ఎర్ర లిట్మస్ నీలమవుతుంది. అది లోహం తీరు.

సిలికాన్ సంగతి మరీ తమాషా. రామగుండం ఎన్.టి.పి.సి. జలాశయంపై 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్కేంద్రంలో ఎండను విద్యుత్తుగా మార్చేది ఇదే. మెరుపు లోహానిది, పెళుసుతనం అలోహానిది. రాగిని వేడిచేస్తే విద్యుద్వాహకత తగ్గుతుంది. శుద్ధ సిలికాన్‌ను వేడిచేస్తే పెరుగుతుంది. ఇటువంటివి అర్ధలోహాలు. సాధారణంగా బోరాన్, సిలికాన్, జెర్మేనియమ్, ఆర్సెనిక్, ఆంటిమొనీ, టెల్లూరియమ్‌లను ఇందులో చేర్చుతారు. పొలోనియమ్‌ను కొందరు అర్ధలోహమంటారు, కొందరు లోహమంటారు. పరీక్షలో మాత్రం మీ పాఠ్యపుస్తకంలోని జాబితానే వ్రాయండి!