ఫ్లెక్సీ మీద లేని పిల్లల సంగతి

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటికే నంద్యాల కూడళ్లు ఫ్లెక్సీలతో నిండిపోతాయి. 600కు 590 దాటిన పిల్లల ఫొటోలు వరసగా ఉంటాయి, కింద బడి పేరు, దాని కింద ‘అడ్మిషన్లు జరుగుచున్నవి’. రెండు మూడు రోజుల్లో అవే బొమ్మలు శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకూ చేరతాయి. పీఆర్వోలు సంక్రాంతి అయినప్పటి నుంచే ఇళ్ల చుట్టూ తిరుగుతుంటారు. “ఇప్పుడు అడ్వాన్సు కట్టి సీటు ఆపుకోండన్నా, జూన్‌లో అయితే ఈ ఫీజు ఉండదు” అంటారు. చాలా బడుల్లో పాఠం చెప్పే పంతుళ్లకు కూడా ఇంతమందిని చేర్పించాలని టార్గెట్ ఉంటుంది.

ఐదో తరగతి అయిపోయిన పిల్లను ఆరుకు ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు ఆళ్లగడ్డ తల్లిదండ్రుల ముందు సాధారణంగా మూడు దారులు ఉంటాయి. ఊళ్లోని ప్రైవేటు బడి, రోజూ బస్సులో నంద్యాల, లేదంటే హాస్టల్. నంద్యాల వాళ్లకు దూరం బాధ లేదు, కానీ బడుల పోటీ ఎక్కువ. ఎవరైనా ముందు చూసేది ఫ్లెక్సీనే. అందుకే అది ఏం చెబుతుందో, ఏం దాస్తుందో తెలుసుకోవాలి.

పైన ఉన్న అంకె, కింద లేని అంకె

‘మా బడిలో పన్నెండు మందికి 580 పైన’ అని ఫ్లెక్సీ చెబుతుంది. ఎంతమంది రాస్తే పన్నెండు మందో చెప్పదు. నలభై మందిలో పన్నెండు అయితే అది గొప్ప బడి. నాలుగు వందల మందిలో పన్నెండు అయితే మిగిలిన మూడు వందల ఎనభై ఎనిమిది మంది గురించి అడగాలి. మీ పిల్ల ఆ పన్నెండు మందిలో ఉండడం కన్నా ఈ గుంపులో ఉండే అవకాశమే ఎక్కువ.

విత్తనం కొనేటప్పుడు మన రైతు ఈ లెక్క తప్పడు. ‘ఫలానా వారి పొలంలో ఎకరాకు నలభై బస్తాలు’ అని డీలరు అంటే, అది నల్లరేగడా, కేసీ కాలువ నీళ్లున్నాయా అని ముందు నేల సంగతి అడుగుతాడు. బడి విషయానికి వచ్చేసరికి ఆ ప్రశ్న మర్చిపోతాం. చేరేముందే పరీక్ష పెట్టి చురుకైన పిల్లలను ఏరుకున్న బడికి మంచి మార్కులు రావడంలో వింత లేదు. ఆ పిల్లలకు బడి కొత్తగా ఏం చేర్చిందన్నది అసలు ప్రశ్న.

దీన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో ప్రవేశ పరీక్షతో మాత్రమే సీటిచ్చే పేరున్న పబ్లిక్ హైస్కూళ్లు ఉన్నాయి. కటాఫ్‌కు ఒకటి రెండు మార్కుల పైన నిలిచి సీటు దక్కినవారినీ, అంతే తేడాతో సీటు పోగొట్టుకున్నవారినీ పోల్చిన ఆర్థికవేత్తల అధ్యయనం 2014లో వచ్చింది. తర్వాతి పరీక్షల్లో రెండు గుంపుల మార్కులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

మన దగ్గర కూడా అలాంటి పని జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి నాలుగేళ్లు, అయిదు జిల్లాల్లో 180 గ్రామాల్లో, ప్రభుత్వ బడి పిల్లలకు లాటరీ తీసి ప్రైవేటు బడి ఫీజు కట్టే వోచర్లు ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో వోచర్ వచ్చినవారికీ రానివారికీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడికి పెట్టిన ఖర్చు ప్రభుత్వం పెట్టినదాంట్లో మూడోవంతు కూడా లేదు, కాబట్టి తక్కువ డబ్బుతోనే అంత చదువు చెప్పాయన్న మెప్పు వాటికి దక్కాలి. అయితే అవి చిన్న పిల్లల ప్రాథమిక బడులు. హైస్కూలుకు ఆ ఫలితాన్ని అచ్చంగా అన్వయించలేం. ‘ప్రైవేటు’ అన్న ఒక్క మాట చదువుకు హామీ కాదన్న సంగతి మాత్రం దీంతో తేలుతుంది.

ఇంటి దగ్గర ఉదాహరణ ఇంకా గట్టిది. 2023 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్ర ఉత్తీర్ణత 72.26 శాతం. 87.47 శాతంతో అందరికన్నా పైన నిలిచింది పార్వతీపురం మన్యం జిల్లా. 60.39 శాతంతో చిట్టచివర ఉన్నది మన నంద్యాల జిల్లా. ప్రభుత్వ బడులూ ఆశ్రమ పాఠశాలలే దిక్కైన ఏజెన్సీ పల్లెలున్న జిల్లా ముందుండగా, కూడలికో ఫ్లెక్సీ ఉన్న జిల్లా వెనకబడింది. ఫ్లెక్సీలో ఉన్నవారికీ, పరీక్ష తప్పిన ఆ నలభై శాతానికీ మధ్య ఉన్న సగటు పిల్లవాడికి ఏ బడి ఎక్కువ చేస్తుందో అదే మంచి బడి.

బడిలో అడగాల్సినవి

మొదట ఈ బ్రాంచి లెక్క అడగండి. నారాయణ 1979లో నెల్లూరులో, శ్రీ చైతన్య 1986లో విజయవాడలో మొదలయ్యాయి. వాటి పేరు ఇంటర్మీడియట్ కోచింగ్‌తో పెరిగింది, హైస్కూళ్లు తర్వాత వచ్చాయి. ఇలాంటి గొలుసు సంస్థల ప్రకటనలో విజయవాడ ర్యాంకు, హైదరాబాదు ర్యాంకు కలిసే వస్తాయి. నంద్యాల బ్రాంచిలో మీ పిల్లకు పాఠం చెప్పేది ఆ విజయవాడ, హైదరాబాదు పంతులు కాదు.

రెండోది, తొమ్మిదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, వారిలో పదో తరగతి పరీక్ష ఈ బడి పేరుతో రాసినవారు ఎంతమంది? సంఖ్య బాగా తగ్గితే, మార్కులు రానివారికి మధ్యలో టీసీ చేతికిచ్చారేమో ఆరా తీయాలి. గుర్తింపు లేని బడి అయితే నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) వేరే బడి పేరు మీద పంపుతారు. సర్టిఫికెట్ మీద ఏ పేరు పడుతుందో ముందే తెలుసుకోవాలి.

మూడోది సెక్షన్ల సంగతి. చాలా చోట్ల మార్కుల ప్రకారం సెక్షన్లు విడదీస్తారు. సీనియర్ పంతుళ్లు మొదటి సెక్షన్‌కే వెళ్తారు. ‘మా అమ్మాయికి లెక్కలు ఎవరు చెబుతారు? ఆయన ఈ బడిలో ఎన్నేళ్ల నుంచి ఉన్నారు?’ అని పేరు పెట్టి అడగండి. ప్రైవేటు బడుల నిర్వహణకు 1994లో వచ్చిన జీవో నంబరు 1 ఫీజుల రాబడిలో సగం జీతాలకు పోవాలంటుంది. నలభై మంది సెక్షన్, తలకు ముప్పై వేల ఫీజు అనుకుంటే రాబడి పన్నెండు లక్షలు, అందులో ఆరు లక్షలు జీతాలకు పోవాలి. మీ వీధిలోనే ఉండే ఆ బడి పంతులును జీతం ఎంతని అడిగితే మిగతా కథ అర్థమవుతుంది. జీతం చాలని పంతులు జూన్‌లో ఒక బడిలో, డిసెంబరులో మరో బడిలో కనిపిస్తాడు.

నాలుగోది, నోటుబుక్కు. బడివాళ్లు చూపించే ఫస్ట్ ర్యాంకు పిల్ల నోటుబుక్కు కాదు, మీ వీధిలో అదే బడికి పోయే మామూలు పిల్లవాడిది. తప్పు లెక్క దగ్గర పంతులు ఆగి దిద్దాడా, పేజీ కింద సంతకం మాత్రం గీకాడా అన్నది రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఆ పిల్లవాణ్ణి ఏదో ఒక పాఠం సొంత మాటల్లో చెప్పమనండి. గైడు భాషలో అప్పజెప్పితే అక్కడ జరుగుతున్నది బట్టీ.

ఇవిగాక, ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. మన రాష్ట్రంలో అది 28తో మొదలవుతుంది. కేంద్ర విద్యాశాఖ వెబ్‌సైటులో ఆ కోడ్ కొడితే పిల్లలు ఎంతమంది, పంతుళ్లు ఎంతమంది, గదులు ఎన్ని అన్నవి బడి స్వయంగా ఇచ్చిన లెక్కల ప్రకారం కనిపిస్తాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక పంతులు తప్పనిసరి. ఆట స్థలం, లైబ్రరీ, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్లు కూడా ఉండాలి.

అదే చట్టంలో మరో మాట ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను చేర్చుకునేటప్పుడు పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది. ‘మా ఎంట్రన్సులో పాసైతేనే సీటు’ అన్నది గొప్పగా వినిపించవచ్చు. చట్టం దాన్ని తప్పంటోంది.

‘ఐఐటీ ఫౌండేషన్’ బోర్డు

ఆరో తరగతి నుంచే ఐఐటీ అనగానే తల్లిదండ్రుల చేయి జేబులోకి పోతుంది. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు, పదహారేళ్లు నిండనివారిని పదో తరగతి పరీక్ష కాకముందు కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దన్నాయి. ఫౌండేషన్ కోర్సులు అదే పనిని బడి గోడల లోపల పదకొండేళ్లకే మొదలుపెడతాయి.

దీని నష్టం ఏమిటో నంద్యాలకు వేరే చెప్పనక్కర్లేదు. బ్యాంకు ఉద్యోగాల కోచింగ్‌కు ఈ ఊరికి రాష్ట్రమంతా పేరుంది. డిగ్రీ చదివి అక్కడికి వచ్చినవాళ్లు మొదట కూర్చుని దిద్దుకునేది భిన్నాలు, శాతాలు, నిష్పత్తులు, అంటే ఆరు, ఏడు తరగతుల్లో రావాల్సిన లెక్కలే. పునాది అని పేరు పెట్టి పై తరగతుల సిలబస్ ముందుకు లాగితే కోత పడేది వీటికే. తరగతి పుస్తకంలోని లెక్క సొంతంగా చేయగల పిల్లకు ఫౌండేషన్ ఉపయోగపడవచ్చు. చేయలేని పిల్లకు అది రెట్టింపు భారం.

ఫీజు, డిపాజిట్

2021 ఆగస్టులో ప్రభుత్వం జీవో 53తో ప్రైవేటు హైస్కూళ్ల ఫీజులకు పరిమితి పెట్టింది. పంచాయతీల్లో ఏడాదికి 12,000, మున్సిపాలిటీల్లో 15,000, కార్పొరేషన్లలో 18,000. ఆ డిసెంబరులోనే హైకోర్టు జీవోను కొట్టేసింది. కాబట్టి ఫీజు సంగతి బడికీ మీకూ మధ్య ఒప్పందం లాంటిదే. ట్యూషన్ ఫీజుతో పాటు పుస్తకాలు, యూనిఫాం, బస్సు, పరీక్ష ఫీజు, ‘స్టడీ అవర్స్’ అన్నీ కలిపి కాగితం మీద రాయించుకోండి. పదో తరగతి దాకా ఏటా ఎంత పెంచుతారో కూడా అడగండి. వడ్ల డబ్బు చేతికొచ్చే నెలకూ టర్మ్ ఫీజు గడువుకూ పొంతన ఉండదు. వాయిదా ఆలస్యమైతే పిల్లను తరగతి బయట నిలబెట్టే బడి ఎంత పేరున్నదైనా మనకు పనికిరాదు. విద్యాహక్కు చట్టం నిషేధించిన మానసిక వేధింపు అంటే అలాంటిదే.

డిపాజిట్ అన్న మాట వినిపిస్తే మాత్రం లేచి వచ్చేయాలి. కర్నూలు జిల్లాలో పెరిగి ఇతర జిల్లాలకు పాకిన కేశవరెడ్డి విద్యాసంస్థలు ఫీజుకు బదులు లక్షల్లో డిపాజిట్ తీసుకుని, చదువు అయ్యాక తిరిగిస్తామన్నాయి. మొత్తం వందల కోట్లకు చేరింది. డబ్బు తిరిగి రావడం లేదని తల్లిదండ్రులు ఫిర్యాదు చేయగా 2015 సెప్టెంబరులో సంస్థ అధినేతను పోలీసులు అరెస్టు చేశారు. ఇలాంటి పద్ధతిలో చిక్కు ఎక్కడుందో చూడండి. లక్ష రూపాయలకు నూటికి ఏటా పన్నెండు వడ్డీ వేసుకున్నా వచ్చేది పన్నెండు వేలు. అంతలోనే చదువు చెప్పాలి, అసలు భద్రంగా ఉంచాలి. అసలును భవనాల్లో పెట్టేస్తే పాతవారికి తిరిగివ్వడానికి కొత్తవారి డిపాజిట్టే దిక్కు. చేరికలు తగ్గిన ఏడు అంతా ఆగిపోతుంది. ప్రకటించిన ఫీజు కాక మరే పేరుతో డబ్బు తీసుకున్నా విద్యాహక్కు చట్టం దాన్ని క్యాపిటేషన్ ఫీజు అంటుంది. దానికి జరిమానా పదింతల దాకా ఉంటుంది.

నలభై కిలోమీటర్ల లెక్క

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు సుమారు నలభై కిలోమీటర్లు. దారిలో ఆగుతూ పోయే బడి బస్సుకు పోను గంట, రాను గంట ఎక్కడికీ పోదు. ఏడాదికి 220 పనిదినాలంటే 440 గంటలు బస్సులోనే గడుస్తాయి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చట్టం నిర్ణయించిన కనీస బోధన ఏడాదికి వెయ్యి గంటలు. అంటే పాఠం వినే సమయంలో దాదాపు సగమంత రోడ్డు మీద పోతుంది. అది నిద్రకు, ఆటకు, ఇంట్లో చదువుకు దక్కాల్సిన సమయం. నంద్యాల బడి ఆ నష్టాన్ని పూడ్చేటంత మెరుగైనదా అన్నది మీరు వేసుకోవాల్సిన ప్రశ్న. హాస్టల్‌లో వేస్తే రోడ్డు తప్పుతుంది, కానీ పదకొండేళ్ల పిల్ల రాత్రి జ్వరం వస్తే ఎవరికి చెప్పుకుంటుందో, మీతో ఫోనులో ఎప్పుడు మాట్లాడనిస్తారో కూడా కనుక్కోవాలి.

పోల్చి చూడాల్సిన మరో బడి

ప్రైవేటు బడులను ఒకదానితో ఒకటి పోల్చేముందు ప్రభుత్వ బడిని కూడా లెక్కలోకి తీసుకోండి. ప్రైవేటులో చేరితే వదులుకునేవి కొన్ని ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ఇడుపులపాయ సహా నాలుగు ట్రిపుల్ ఐటీ ప్రాంగణాల్లో సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవారికి అక్కడ 4 శాతం అదనంగా కలుపుతారు. ప్రభుత్వ బడిలో 560 తెచ్చుకున్న పిల్ల, ప్రైవేటులో 580 తెచ్చుకున్న పిల్లకన్నా ఆ జాబితాలో ముందుంటుంది. ప్రభుత్వ మోడల్ స్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం ఉంది. ప్రైవేటు బడి ఈ లాభాలన్నిటినీ దాటి మీ పిల్లకు ఏం ఇస్తుందో చెప్పగలిగినప్పుడే ఆ ఫీజుకు అర్థం.

తప్పు బడిలో వేశామని తేలితే మార్చడానికి వెనకాడొద్దు. ఎనిమిదో తరగతి దాకా ఏ కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారినా పాత బడి టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ రాలేదని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ఇదీ విద్యాహక్కు చట్టమే. తొమ్మిదిలోకి వచ్చాక మారడం కష్టం కాబట్టి ఏడో తరగతి చివర ఒకసారి గట్టిగా బేరీజు వేసుకోవాలి. పిల్ల బడికి ఇష్టంగా పోతోందా, లెక్కల్లో పోయినేటికన్నా ధైర్యం పెరిగిందా, పంతుళ్లు మారకుండా ఉన్నారా అన్న మూడు చాలు. మొదట ఎంచుకునేటప్పుడు రెండు బడులూ సమానంగా తోస్తే దగ్గర ఉన్నదాంట్లో వేయండి. దూరం బడి ఏం ఇస్తుందో ఫ్లెక్సీ చూసి నమ్మాలి. దగ్గర బడి వల్ల మిగిలే నాలుగు వందల గంటలూ, బస్సు డబ్బూ మాత్రం మొదటి రోజు నుంచే మీ పిల్లకు దక్కుతాయి.