రీమిక్స్‌కు ఎవరు ఎవరికి డబ్బు ఇవ్వాలి?

పెళ్లి బరాత్‌లో, వినాయక నిమజ్జనంలో డీజే బాక్సుల్లోంచి వినిపించే పాటల్లో చాలావరకు రీమిక్స్‌లే. గొంతు పాత సినిమా పాటది. వెనక తీన్మార్ దరువు మాత్రం కొత్తది. యూట్యూబ్‌లో ‘రోడ్ షో మిక్స్’, ‘తీన్మార్ మిక్స్’ అని వెతికితే ఇలాంటివి వరసగా వస్తాయి. వీటిని చేసేవాళ్లలో చాలామంది ఏ ఆడియో కంపెనీకీ చెందరు. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేస్తారు. వీళ్లనే స్వతంత్ర మ్యూజిక్ ప్రొడ్యూసర్లు అంటారు. సినిమాకు పెట్టుబడి పెట్టే నిర్మాత వేరు. ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే దరువు, వాద్యాలు, గొంతు కూర్చి పాటకు తుదిరూపం ఇచ్చే మనిషి.

రీమిక్స్ విషయంలో పేరున్న కళాకారులకు వీళ్లు డబ్బు చెల్లించాలా? ఈ మాటలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. పేరున్నవాళ్ల పాటను మనం రీమిక్స్ చేస్తే వాళ్లకు చెల్లించాలా అన్నది మొదటిది. మన పాటను పేరున్నవాళ్లతో రీమిక్స్ చేయించుకుంటే ఎంత ఇవ్వాలి, దేనికి ఇవ్వాలి అన్నది రెండోది. రెంటికీ జవాబులు వేరు కాబట్టి విడివిడిగా చూద్దాం.

ఇప్పుడే ఎందుకు?

రికార్డయిన పాటను భాగాలుగా విడదీసి, కొన్ని ఉంచి, కొన్ని తీసేసి, కొత్తవి చేర్చి మళ్లీ కూర్చడమే రీమిక్స్. కవర్ సాంగ్ (పాత పాటను కొత్త గొంతుతో, కొత్త వాద్యాలతో మొదటి నుంచీ రికార్డు చేయడం) వేరు. కవర్‌లో పాత రికార్డింగ్ తాలూకు శబ్దం ఏదీ ఉండదు. రీమిక్స్‌లో ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చట్టం దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

జమైకాలో కింగ్ టబ్బీ, 1970ల న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ ఈ కళకు దారి వేసినవాళ్లలో ముఖ్యులు. ఆ రోజుల్లో రీమిక్స్ చేయాలంటే అసలు టేపు చేతికి రావాలి. టేపు కంపెనీ దగ్గర ఉండేది. కంపెనీ ఒప్పుకుంటేనే పని మొదలయ్యేది. కాబట్టి అనుమతి, డబ్బు సంగతులు ముందే తేలిపోయేవి.

ఇప్పుడు ఆ అడ్డు లేదు. పూర్తయిన పాటలోంచి గొంతును, డ్రమ్స్‌ను, బేస్‌ను వేరుచేసే సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులో ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన డీజర్ సంస్థ 2019లో ‘స్ప్లీటర్’ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా విడుదల చేసింది. ఆ తర్వాత ఇంకా మెరుగైనవి వచ్చాయి. ఫోన్‌లో ఉన్న పాట నుంచే స్టెమ్స్ (గొంతు, డ్రమ్స్, బేస్ వంటి వాటి విడివిడి ఆడియో ఫైళ్లు) తయారవుతున్నాయి. ఎవరినీ అడగకుండా పని పూర్తి చేయడం సాధ్యమైంది. చట్టం మాత్రం అలాగే ఉంది.

వాళ్ల పాట, మన రీమిక్స్

వినేవాళ్లకు పాట ఒక్కటే. చట్టం దృష్టిలో అందులో కనీసం మూడు ఉన్నాయి. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, ఆ రెంటినీ పాడించి, వాయించి చేసిన రికార్డింగ్ ఇంకొకటి. సాహిత్యం, బాణీ స్థలం లాంటివైతే, రికార్డింగ్ ఆ స్థలంలో కట్టిన ఇల్లు. ఒకే స్థలంలో ఎన్ని ఇళ్లయినా కట్టవచ్చు. ప్రతి ఇంటికీ యజమాని ఉంటాడు, స్థలానికి వేరే యజమాని ఉండవచ్చు.

తెలిసిన ఉదాహరణ చూద్దాం. 1982లో వచ్చిన ‘దేవత’ సినిమాలో గోదావరి మీద ఒక యుగళగీతం ఉంది. దానినే 2019లో ‘గద్దలకొండ గణేష్’ కోసం మళ్లీ చేశారు. సాహిత్యం వేటూరిది, బాణీ చక్రవర్తిది. పాడినవాళ్లు బాలసుబ్రహ్మణ్యం, సుశీల. మన దేశంలో సాహిత్యానికి, బాణీకి రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. వేటూరి 2010లో కన్నుమూశారు. అంటే ఆ సాహిత్యం 2070 చివరి దాకా రక్షణలో ఉంటుంది. రికార్డింగ్‌కు లెక్క వేరు. విడుదలైన ఏడాదికి తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1982 రికార్డింగ్‌కు 2042 చివరి దాకా రక్షణ ఉంటుంది. ‘పాత పాటే కదా’ అనే మాట ఇక్కడ చెల్లదు.

ఆ పాత రికార్డింగ్‌లోని గొంతులు తీసుకుని రీమిక్స్ చేస్తే సాహిత్యం, బాణీ, రికార్డింగ్ మూడూ వాడుకున్నట్టే. భారత కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఒక రికార్డింగ్‌ను లోపల ఇముడ్చుకుని మరో రికార్డింగ్ చేసే హక్కు దాని యజమానికే ఉంటుంది. కాబట్టి రికార్డింగ్ యజమాని అనుమతి కావాలి. సాహిత్యం, బాణీ హక్కులున్నవాళ్ల అనుమతీ కావాలి. ఆడియో కంపెనీ ఒక్కటే ఈ హక్కులన్నీ కొనుక్కుని ఉండవచ్చు. అప్పుడు ఒక్కచోట అడిగితే సరిపోతుంది. కంపెనీ కొనుక్కున్నా, 2012 సవరణ తర్వాత రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీ (పాట వాడుకున్నప్పుడల్లా దక్కే వాటా) హక్కు మిగిలే ఉంటుంది. గాయకులకూ వాణిజ్య వినియోగంలో రాయల్టీ హక్కును అదే సవరణ ఇచ్చింది.

ఐదేళ్లు దాటితే ఏ పాటనైనా వాడుకోవచ్చని ఒక మాట ప్రచారంలో ఉంది. అది చట్టంలోని 31సీ సెక్షన్‌ను సగం చదివి చెప్పే మాట. ఆ సెక్షన్ కవర్ సాంగ్‌లకు మాత్రమే వర్తిస్తుంది. అసలు రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి. ముందుగా నోటీసు ఇవ్వాలి. ఏడాదికి కనీసం 50,000 కాపీలకు రాయల్టీ ముందే చెల్లించాలి. సాంకేతికంగా తప్పనిసరి కాని మార్పులు చేయకూడదు. పాత రికార్డింగ్‌ను కోసి అతికే రీమిక్స్‌కు ఈ దారి లేదు.

జానపదాల్లోనూ ఇదే జాగ్రత్త అవసరం. తరతరాలుగా ఊళ్లో పాడుకునే పాట ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ పాటను ఒక గాయని స్టూడియోలో పాడితే, ఆ రికార్డింగ్‌కు యజమాని ఉంటాడు. పాటను మీరే కొత్తగా పాడించి దరువు కట్టుకోవచ్చు. ఆమె గొంతును ఆ రికార్డింగ్ నుంచి తీసుకోవాలంటే మాత్రం అడగాల్సిందే.

చెల్లించకపోతే ఏమవుతుంది?

చాలాసార్లు కోర్టు దాకా వెళ్లదు. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ (అప్‌లోడ్ అయిన ప్రతి వీడియోలోని శబ్దాన్ని కంపెనీలు ఇచ్చిన పాటలతో పోల్చే వ్యవస్థ) ఉంది. పోలిక దొరికితే కంపెనీ మూడింటిలో ఒకటి చేయవచ్చు. వీడియోను ఆపేయవచ్చు. ఆపకుండా ఎంతమంది చూస్తున్నారో గమనించవచ్చు. ప్రకటనల ఆదాయాన్ని తనవైపు తిప్పుకోవచ్చు. అంటే లక్షల వ్యూస్ వచ్చిన రీమిక్స్ కూడా చేసినవాడికి ఒక్క రూపాయి తేకపోవచ్చు.

ఇంకో నష్టం ఉంది. దీన్ని ఎక్కువమంది గమనించరు. సాహిత్యం, బాణీ హక్కులను ఉల్లంఘించి చేసిన రికార్డింగ్‌కు అసలు కాపీరైటే ఉండదని చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. మీరు రాత్రంతా కూర్చుని కట్టిన రీమిక్స్‌ను ఇంకొకరు ఎత్తుకుపోయి తన పేరు పెట్టుకుంటే, ఆ రికార్డింగ్ నాదని గట్టిగా అడిగే ఆధారం మీకు ఉండదు.

దీనికి ఎదురుగా ఒక కథను తరచూ చెబుతుంటారు. కజకిస్తాన్‌లో రైల్వేలో పనిచేసే ఇమాన్‌బెక్ అనే కుర్రాడు, అమెరికా కళాకారుడు సెయింట్ జాన్ పాట ‘రోజెస్’ను 2019లో అనుమతి లేకుండానే రీమిక్స్ చేశాడు. అది ప్రపంచమంతా మోగింది. తర్వాత అధికారికంగా విడుదలైంది. 2021లో అతనికి గ్రామీ అవార్డు వచ్చింది. ఈ కథ నిజమే. అయితే హక్కుదారులు ఒప్పుకున్నారు కాబట్టే అది అలా ముగిసింది. ఒప్పుకోవడం, మానడం వాళ్ల చేతిలోని పని. దాన్ని నమ్ముకుని పాట కట్టడం మంచిది కాదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు స్పష్టం. వాళ్ల పాట వాడుకుంటే చెల్లించాలి, అదీ విడుదలకు ముందే. చెల్లించే స్తోమత లేకపోతే పాటను మార్చుకోవాలి.

మన పాట, వాళ్ల రీమిక్స్

రెండో ప్రశ్నలో డబ్బు ఇచ్చేవాడు అలాగే ఉన్నాడు, కారణం మారింది. ఇక్కడ పాట మనది. పేరున్న ప్రొడ్యూసర్‌కు స్టెమ్స్ పంపి, తన శైలిలో మార్చి ఇవ్వమంటాం. డ్యాన్స్ సంగీతంలో ఇది దశాబ్దాలుగా ఉన్న వృత్తి. బ్రిటిష్ సంగీతకారుడు ఎఫెక్స్ ట్విన్, ఇతరుల కోసం చేసిన రీమిక్స్‌లను 2003లో ఒక సంకలనంగా తెచ్చి, దానికి ‘26 మిక్సెస్ ఫర్ క్యాష్’ అని పేరు పెట్టాడు. డబ్బు తీసుకుని చేశానని పేరులోనే చెప్పాడు.

రీమిక్స్ ఒక పాట తలరాతను మార్చగలదు. ఇంగ్లండ్‌లో కార్నర్‌షాప్ అనే బ్యాండ్ ఆశా భోస్లే మీద అభిమానంతో ‘బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా’ పాట చేసింది. 1997లో అది బ్రిటన్ చార్టులో 60వ స్థానం దగ్గరే ఆగిపోయింది. ఫ్యాట్‌బాయ్ స్లిమ్‌గా పేరున్న నార్మన్ కుక్ దాని వేగం పెంచి రీమిక్స్ చేశాడు. 1998 ఫిబ్రవరిలో అదే పాట మొదటి స్థానానికి చేరింది.

ఇలాంటి ఫలితం ప్రతి పాటకూ రాదు. అందుకే డబ్బు ఇచ్చే ముందు ఏం కొంటున్నామో తెలియాలి. సాధారణంగా మూడు కొంటాం. మొదటిది పని: కొత్త అమరిక, కొత్త దరువు. రెండోది పేరు: స్ట్రీమింగ్ యాప్‌లలో రీమిక్సర్ పేరును సరిగా నమోదు చేస్తే పాట అతని పేజీలోనూ కనిపించి, అతని శ్రోతలకు చేరే వీలుంటుంది. మూడోది ఆదరణ: అతను తన షోలలో ఆ పాటను వేయడం. మొదటిది ఒప్పందంతో దక్కుతుంది. రెండోదాన్ని కూడా ఒప్పందంలో రాయించుకోవచ్చు. మూడోది అతనికి పాట నచ్చితేనే జరుగుతుంది, దాన్ని డబ్బుతో కొనలేం.

చిన్న లెక్క వేద్దాం. అంకెలు ఊహించుకున్నవే. రీమిక్స్‌కు 60,000 రూపాయలు ఇచ్చారనుకుందాం. ఒకసారి వింటే మీ చేతికి 10 పైసలు వస్తాయనుకుందాం. పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే పాటను 6 లక్షల సార్లు వినాలి. అవి కూడా రీమిక్స్ లేకపోతే రాకపోయే అదనపు శ్రోతల నుంచే రావాలి. మీ గత పాటలను ఎంతమంది విన్నారో పక్కన రాసుకుని చూడండి. అప్పు చేసి పేరు కొనడం ఎందుకు ప్రమాదమో అర్థమవుతుంది.

డబ్బు తక్కువైతే వేరే పద్ధతులున్నాయి. ముందు కొంత ఇచ్చి, ఆ రీమిక్స్ ఆదాయంలో వాటా ఇవ్వవచ్చు. మీ స్థాయిలోని మరో ప్రొడ్యూసర్‌తో మార్పిడి చేసుకోవచ్చు: అతని పాట మీరు, మీ పాట అతను. ఒకటి మాత్రం ఒప్పుకోకండి. సాహిత్యంలోనూ బాణీలోనూ చేయి పెట్టని వ్యక్తికి, కేవలం పేరు కోసం వాటిలో వాటా రాసివ్వకండి. రీమిక్స్ మీద హక్కు ఆ రీమిక్స్ వరకే. బాణీలో వాటా ఇస్తే ఆ పాట ఇక ముందు ఏ రూపంలో వచ్చినా మీ ఆదాయం తగ్గుతుంది.

కాగితం మీద ఏముండాలి?

ఫోన్‌లో అనుకున్న మాట సరిపోదు. కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 19వ సెక్షన్ చెబుతోంది. కాలం రాయకపోతే ఐదేళ్లే అనుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. ఇది చిన్న విషయంగా అనిపిస్తుంది. తెలుగు పాట విడుదలైన రోజే డల్లాస్‌లో, దుబాయ్‌లో వింటారు. ‘ప్రపంచమంతటా’ అనే ఒక్క మాట రాయడం మరిచిపోతే, అక్కడి ఆదాయం మీద రేపు తగాదా రావచ్చు.

ఆ కాగితంలో ఇవి ఉండాలి: పూర్తయిన రీమిక్స్ రికార్డింగ్ ఎవరిది, మొత్తం ఎంత, ముందు ఎంత, మిగిలింది ఎప్పుడు, ఎన్నిసార్లు మార్పులు అడగవచ్చు, పేరు ఎలా వేయాలి, వాటా ఉంటే లెక్క ఎప్పుడు చూపాలి. రీమిక్సర్ ఏదైనా కంపెనీతో ఒప్పందంలో ఉంటే, అతని పేరు వాడటానికి ఆ కంపెనీ అనుమతి ఉందో లేదో కూడా రాయించండి. మీ పాట పాడిన గాయని గొంతును రీమిక్స్‌లో వాడటానికి ఆమె సమ్మతి తీసుకోండి.

రెండు ప్రశ్నలకూ జవాబులు ఇవీ. ఇతరుల సృష్టిని వాడుకున్నప్పుడు చెల్లించడం బాధ్యత. ఇతరుల పనిని కోరుకున్నప్పుడు చెల్లించడం న్యాయం. పేరు కోసమే చెల్లించడం మాత్రం వ్యాపార నిర్ణయం, అది మీ జేబు అనుమతించినంత వరకే. పేరున్న కళాకారులకూ ఒక విన్నపం: చిన్న ప్రొడ్యూసర్లు అనుమతి అడిగినప్పుడు జవాబివ్వండి, వాళ్లు కట్టగలిగే ధర ఒకటి చెప్పండి. అడిగితే దారి దొరుకుతుందని తెలిస్తే అడిగేవాళ్లు పెరుగుతారు.